మంగ ఎవరికి చేపుతుంది

మా నాన్న చీర చుట్టుకోగా నేను ఒకే ఒక్కసారి చూశాను. 1992 ఫిబ్రవరిలో, తెల్లవారుజామున, విజయవాడ కృష్ణలంకలో మా ఇంటి వెనక పాకలో. లుంగీ మీదే నాయనమ్మ నేతచీర చుట్టుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని, తపేలా మోకాళ్ల మధ్య ఇరికించుకుని మంగ పక్కన గొంతుక్కూర్చున్నాడు. గుమ్మంలో అమ్మ, అమ్మ వెనక నేను. నవ్వొస్తోంది, నవ్వకూడదు. నాయనమ్మ పోయి అప్పటికి పదహారు రోజులు.

మంగ తల తిప్పి ఆ చీర వైపు చూసింది. ముక్కు చాపి కొంగు వాసన చూసింది. పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, ఎడమ కాలెత్తి తపేలాని తన్నింది.

మంగ మా గేదె.

కుక్కతో స్నేహమంటే అందరూ తలూపుతారు. ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిందిగా అంటారు. ఆవు సంగతి చెప్పక్కర్లేదు. గేదె అనేసరికి నవ్వుతారు. అసలు మన భాషలోనే దానికి మర్యాద లేదు. ఒళ్లు చేస్తే గేదె, మాట చెవికెక్కకపోతే దున్నపోతు మీద వాన. పురాణాల్లో యముడికి వాహనం చేసి కూర్చోబెట్టారు. పొద్దున కాఫీలోకి, మధ్యాహ్నం గడ్డపెరుగులోకి మాత్రం అదే కావాలి. బొట్టు పెట్టి దండం పెట్టేది ఆవుకి, మీగడ తీసుకుని తినేది గేదె పాల మీద. నాయనమ్మ ఈ అన్యాయాన్ని తన పద్ధతిలో సరిచేసేది. కనుమ రోజు మంగకి పసుపు రాసి, కొమ్ములకి రంగేసి, మెడలో బంతిపూల దండ వేసి హారతిచ్చేది. మంగ ఆ దండని తీరిగ్గా తినేది.

మంగని కొన్నది 1986లో, ఉయ్యూరు వైపు ఒక రైతు దగ్గర. ముర్రా రక్తం కలిసిన గేదె. హర్యానా జాతి పోతులతో కట్టించి మా డెల్టాలో పెంచుకున్న రకం. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, కొమ్ములు జంతికల్లా చుట్టుకుని ఉండేవి. బేరం కుదిరింది మంగళవారం. మంగళవారం పశువుని ఇంటికి తెస్తారా అని తాతయ్య గోల చేశాడు. "మంగళవారమైతే ఏం, మంగ అని పేరు పెట్టుకుంటే సరి" అని నాయనమ్మ తేల్చేసింది. అప్పుడు నాకు ఏడేళ్లు. ఇంట్లో నాకంటే చిన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి మంగని నా కింద లెక్కేసుకున్నాను.

పొద్దున్నే నాలుగున్నరకి మా ఇల్లు లేచేది. నాయనమ్మ ముందు మంగ నుదుటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరికే నిలబడేది. తరవాత కుడితి. బియ్యం కడుగునీళ్లలో తవుడు, నానబెట్టిన తెలకపిండి, గుప్పెడు ఉప్పు. మంగ మూతి ముంచి తాగుతుంటే చెంబుతో నీళ్లు కొట్టి పొదుగు కడిగేది. వేళ్లకి కాస్త ఆముదం రాసుకుని కూర్చునేది. అప్పుడు మొదలయ్యేది ఆ కూనిరాగం. అది ఏ పాటో నాకు ఇప్పటికీ తెలీదు. ఏదో మంగళహారతి అయ్యుండాలి, మాటలు ఎప్పుడో అరిగిపోయి రాగం మాత్రం మిగిలింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఏమీ జరిగేది కాదు. ఉన్నట్టుండి చన్నులు బిగిసేవి. "చేపింది" అనేది నాయనమ్మ, అంటే పాలు చన్నుల్లోకి దిగాయని. మొదటి ధారలు ఖాళీ తపేలాలో చుయ్యి చుయ్యిమని మోగేవి. సగం నిండాక ఆ మోత పోయి, నురగలోకి దిగుతున్న మెత్తటి చప్పుడు వచ్చేది. మంచంలో పడుకునే తపేలా ఎంత నిండిందో చెప్పగలిగేవాణ్ణి.

1991లో మంగ ఈనిన దూడ రెండు నెలలకే పోయింది. దూడ పోయిన గేదె చేపటం కష్టం. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, బొమ్మ దూడని చేసి ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతూ చేపుతుంది. మా పక్కింటాయన అదే చెయ్యమన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల పోయిందని దానికి తెలుసయ్యా, మళ్లీ బొమ్మని చూపించి ఎకసెక్కం ఎందుకు" అంది. వారం రోజులు పాలు లేవు. నాయనమ్మ మాత్రం రెండుపూటలా అదే వేళకి కుడితి పెట్టి, పొదుగు కడిగి, కూనిరాగం తీసి, ఖాళీ తపేలాతో లేచి వచ్చేసేది. ఎనిమిదో రోజు చేపింది. ఆ తరవాత నాయనమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడకి తప్ప ఎవరికీ చేపలేదు.

నాకూ మంగకీ ఉన్న సంబంధం పాలది కాదు, నీళ్లది. బడి లేని రోజుల్లో, ఎండాకాలం ఒంటిపూట బళ్లప్పుడు, కృష్ణకి తోలుకెళ్లే పని నాది. గేదెలకి చెమట గ్రంథులు తక్కువ. నల్లటి తోలు, పైన బెజవాడ ఎండ. నీళ్లలోనో బురదలోనో దిగకపోతే ఒళ్లు కాలిపోతుంది పాపం. కరకట్ట దిగి రేవు దగ్గరికి రాగానే మంగ నడక మారిపోయేది. అప్పటిదాకా పెళ్లికూతురిలా వచ్చింది కాస్తా పరుగందుకునేది. మెడదాకా దిగి, ముక్కు మాత్రం పైకి పెట్టి, కళ్లు సగం మూసుకునేది. నేను దాని వీపు మీద బోర్లా పడుకుని బ్యారేజీ వైపు చూస్తూ ఉండేవాణ్ణి. ఒక్కోసారి ఒక కాకి వచ్చి నా కాళ్ల దగ్గరే వాలి, మంగ చెవిలో పిడుదులు ఏరుకునేది. నేను తోలితే మంగ విసుక్కునేది, కాకిని కాదు, నన్ను.

ఇంటికొచ్చే దారిలో చీకటి పడితే నేను దాని తోక పట్టుకుని నడిచేవాణ్ణి. ఎవరు ఎవర్ని తోలుకొస్తున్నారో చూసేవాళ్లకి అర్థమయ్యేది కాదు. ఒక కొట్టాయన "మంగా, అబ్బాయిని జాగ్రత్తగా తీసుకెళ్లు" అని వేళాకోళం చేసేవాడు.

1990 మే 9న తీరం దాటిన తుఫాను రాత్రి గుర్తుంది. పాక మీద తాటాకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే నాన్నా, తాతయ్యా మంగని వసారాలోకి తెచ్చి కట్టేశారు. కరెంటు లేదు. గాలి హోరులో ఎవరి మాటా వినపడటం లేదు. నేను వెళ్లి మంగ పొట్టకి ఆనుకుని పడుకున్నాను. నెమరేస్తుంటే ఆ పొట్ట లోపల ఏదో పెద్ద తిరగలి తిరుగుతున్నట్టుండేది. నేను భయపడి దాని దగ్గరికి వెళ్లానా, అది భయపడుతుందని వెళ్లానా అంటే, తెల్లారాక అమ్మకి రెండోదే చెప్పాను.

నాయనమ్మ పోయింది మాఘమాసంలో, నిద్రలో. ఇల్లంతా జనం. ఆ రోజు సాయంత్రం దాకా మంగకి కుడితి పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. పొద్దుగూకాక పాకలోకి వెళితే మంగ గుంజ చుట్టూ తిరిగి తిరిగి పలుపు పొట్టిగా చుట్టేసుకుని, తల కిందకి వేలాడేసి నిలబడింది.

మర్నాటినుంచి పాలు లేవు. అమ్మ కూర్చుంది, చేపలేదు. పాలు పితికే మనిషిని పిలిచారు, చేపలేదు. పొదుగులో పాలు గట్టిపడితే వాపు వస్తుందని టెన్షన్. నాయనమ్మ చీర కట్టుకుంటే గేదె మోసపోతుందని ఎవరో చెప్పారు. చాలా ఊళ్లలో చెప్పుకునే ఉపాయమే. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. పిల్లల ముందు నిలబడే మనిషి చీర చుట్టుకుని కూర్చున్నాడంటే ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో చూడండి. ఆ చీర అప్పటికే చాకలికి వేసి ఉతికింది. దాంట్లో నాయనమ్మ వాసన లేదు, సబ్బు వాసన ఉంది. తపేలా తన్నటం మంగ తప్పు కాదు.

ఆ సాయంత్రం నేను కూర్చున్నాను. నాకు పితకటం సరిగ్గా రాదు. నాయనమ్మలాగే నుదుటి మీద చెయ్యి పెట్టాను, కుడితి పెట్టాను, పొదుగు కడిగాను. రాగం తియ్యబోతే గొంతు పెగల్లేదు. రెండోసారి వచ్చింది, అదీ అపస్వరంతో. ఎంతసేపైందో తెలీదు. వేళ్ల కింద చన్ను బిగుసుకుంది. అరసేరు పాలు వచ్చుంటాయి. నా చేతులు లాగేసి మానేశాను కానీ, ఇంకా ఇచ్చేదే. అమ్మ ఆ పాలు కాచి, ఎవరికీ పొయ్యకుండా నాకే ఇచ్చింది.

దీని గుట్టు నాకు పాతికేళ్ల తరవాత తెలిసింది. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివిన మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. ఆవుకైతే పొదుగు అడుగున కొన్ని పాలు సిద్ధంగా నిలవుంటాయట. గేదెకి ఆ నిల్వ చాలా తక్కువ, దాదాపు పాలన్నీ పైన సన్నటి తిత్తుల్లోనే ఉంటాయి. మెదడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వదిలితేనే ఆ తిత్తులు బిగిసి పాలు కిందకి దిగుతాయి. భయపడినా, కొత్త మనిషిని చూసి బెదిరినా ఆ పని ఆగిపోతుంది. ఎంత పిండినా చుక్క రాదు. అంటే గేదె తలుచుకుంటే తప్ప మనకి పాలు లేవన్నమాట. కొందరు ఆ తలుచుకోవటం దాకా ఆగలేక ఇంజెక్షన్ పొడుస్తారు. అది చట్టప్రకారం నేరం.

"అయితే అది స్నేహమే కదరా" అన్నాను.

"కాదన్నయ్యా, అలవాటు. రోజూ ఒకే గొంతు, ఒకే వాసన, ఒకే కుడితి. ఒంటికి అలా అలవాటైపోద్ది. నువ్వు స్నేహం అనుకుంటున్నావు."

వాడు చదువుకున్నవాడు, కాదనలేను. కానీ మా నాయనమ్మ గొంతు వినపడగానే నాకూ ఆకలేసేది. అదీ అలవాటే. వీధి చివర స్నేహితుడి సైకిల్ బెల్లు వింటే కాళ్లు వాటంతటవే బయటికి పరిగెత్తేవి, అదీ అలవాటే. అలవాటు తీసేస్తే స్నేహంలో ఇంకేం మిగులుతుందో వాణ్ణి అడిగాను. జవాబు చెప్పకుండా ఇంకో సంగతి చెప్పాడు. 2015లో జపాన్ వాళ్లు పరిశోధన చేశారట. పెంపుడు కుక్కా, దాని యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటుంటే ఇద్దరిలోనూ ఈ ఆక్సిటోసినే పెరిగిందట. తల్లీబిడ్డల మధ్య పనిచేసేదీ అదే. "గేదె మీద ఎవరూ చెయ్యలేదా" అన్నాను. "గేదె కళ్లలోకి చూసేంత తీరిక ఎవరికుంది" అన్నాడు.

నేను చూశాను మరి. మంగ కంట్లో నా బొమ్మ తలకిందులుగా కాదు, మామూలుగానే, కాకపోతే కుదించి కనపడేది. పొడుగాటి తెల్ల వెంట్రుక ఒకటి కంటి కింద ఉండేది. దాన్ని ముట్టుకుంటే చెవి ఆడించేది.

అయినా మేం మంగని అమ్మేశాం.

తప్పు ఎవరిదంటే చెప్పలేను. అప్పటికి తాతయ్యకి చూపు సరిగ్గా ఆనటం లేదు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాకు ఎనిమిదో తరగతి. మంగ సూడిగేదె, మంచి ధర వస్తుంది. సీతానగరం నుంచి ఒక ఆసామి వచ్చి, పళ్లు చూసి, పొదుగు నిమిరి, ఏడువేలకి ఒప్పుకున్నాడు. తోలుకుపోదామని పట్టుకుంటే మంగ కదల్లేదు. నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడింది. ఆసామి వెనకనుంచి కర్రతో ఒకటేశాడు. నాన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, నువ్వెళ్లి దిగబెట్టి రా, నీతో అయితే వస్తుంది" అన్నాడు నాతో.

వచ్చింది. అదే నాకు మింగుడు పడని సంగతి.

అప్పటికి కనకదుర్గ వారధి మీద రాకపోకల్లేవు. మద్రాసు, కలకత్తా లారీలన్నీ ప్రకాశం బ్యారేజీ మీదనుంచే వెళ్లేవి. 1957 నాటి బ్యారేజీ, కిలోమీటరు పైనే పొడవు. ఎదురుగా బస్సు వస్తే పక్కన సైకిలు కూడా పట్టడం కష్టం. మొదటి లారీ హారన్‌కి మంగ బెదిరి నా మీదకి ఒరిగింది. రైలింగుకీ దానికీ మధ్య ఇరుక్కుపోయాను. ఏం చెయ్యాలో తోచక, లారీల వైపున్న దాని కన్నుని అరచేత్తో మూసి, నాయనమ్మ రాగం అందుకున్నాను. అంత ఎత్తు కన్ను మీద చెయ్యి పెట్టాలంటే మునివేళ్ల మీద నడవాలి. నా అరచేతిలో దాని రెప్ప టపటపా కొట్టుకుని, కాసేపటికి ఆగిపోయింది. అలా ఒక కన్ను మూసుకుని, నన్ను నమ్మి, డెబ్బై గేట్లూ దాటింది. నేను దాన్ని ఎక్కడికి తీసుకెళుతున్నానో నాకు తెలుసు, దానికి తెలీదు.

ఆసామి ఇంట్లో కొత్త నైలాన్ తాడు సిద్ధంగా ఉంది. మా పలుపు విప్పి నా భుజాన వేశారు. పశువుని అమ్మినా పలుపు ఇవ్వకూడదు, ఇంట్లో పాడి పోతుందని అమ్మ ముందే చెప్పింది. నేను వెనక్కి తిరక్కుండా వచ్చేశాను. మంగ అరవలేదు. నేను నీళ్లు తేవడానికి వెళ్లాననుకుని ఉంటుంది.

ఐదో రోజు తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే, పాక దగ్గర అరుపు వినపడింది. అమ్మ లాంతరు పట్టుకుని వెళ్లింది. మంగ. మెడదాకా బురద, గిట్టల్లో ఇసుక, మెడలో తెగిన నీలం నైలాన్ తాడు. లారీల దారిన రాలేదు. మే నెల, బ్యారేజీ గేట్లన్నీ మూసి ఉన్నాయి, దిగువన ఇసుక తిన్నెలు, మధ్యమధ్య మడుగులు. నదికి అడ్డంపడి నడిచి, లోతున్న చోట ఈదుకుంటూ మా రేవుకి వచ్చేసింది. కడుపులో దూడతో. ఖాళీ పాకలోకి వెళ్లి తన గుంజ పక్కన, కట్టకుండానే, నిలబడింది.

అమ్మ ఏడుస్తూ కుడితి కలిపింది. పదింటికి ఆసామి సైకిల్ మీద వచ్చాడు. "మేస్టారూ, మీ గేదెకి ఈతొచ్చని చెప్పలేదే" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. డబ్బు వెనక్కిస్తే తీసుకునేవాడేమో కూడా. కానీ ఆ డబ్బు అప్పటికే నాయనమ్మ కర్మలకి చేసిన అప్పులో జమైపోయింది. నాన్న నా వైపు చూశాడు, మాట్లాడలేదు. నేనే లేచి పలుపు తీసుకున్నాను.

రెండోసారి బ్యారేజీ మీద నేను రాగం తియ్యలేదు. కన్ను కూడా మూయలేదు. ఎందుకో, మూస్తే అబద్ధం చెప్పినట్టుంటుందనిపించింది. మంగ బెదరకుండా, దారి తెలిసినట్టు, నా పక్కన నడిచింది.

ఆ రేవు ఇప్పుడు లేదు. కృష్ణలంక పొడుగునా రిటైనింగ్ వాల్ కట్టారు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోతున్నప్పుడు ఆ గోడే మా వీధిని కాపాడింది, కాదనను. వరద తగ్గాక వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. ఇటునుంచి గేదె దిగే దారి లేదు, అటునుంచి ఎక్కే దారీ లేదు. ఎక్కాల్సిన గేదెలు కూడా ఆ వీధుల్లో నాకు కనపడలేదు.

ఆ ఏడే, అంటే 1992లోనే, కృష్ణా పుష్కరాలు వచ్చాయి. నాయనమ్మకి పిండం పెట్టడానికి మావాళ్లు సీతానగరం రేవుకే వెళ్లారు. ఇటు జనం ఎక్కువన్నారు. నాన్న తర్పణాలు వదులుతుంటే నేను తడి బట్టలతోనే జారుకున్నాను. ఆసామి ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, కాళ్లకి తెలుసు.

పాకలో ఆసామి కోడలు పాలు పితుకుతోంది. పక్కన చిన్న పెయ్యదూడ, ఇంకా కాళ్లు నిలవటం లేదు. ఆ పిల్ల ఏదో పాడుతోంది. మొదట నాకు అర్థం కాలేదు, తరవాత తెలిసింది, చర్చిలో పాడుకునే పాట. తపేలాలో చుయ్యి చుయ్యిమనే దశ దాటిపోయింది, మెత్తటి చప్పుడు వస్తోంది. సగానికి పైనే.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. పదమూడేళ్లవాడికి అసూయంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మా నాయనమ్మకి తప్ప చేపనిది, మా నాన్న పరువు తీసింది, ఈవిడకెవరికో, మూడు నెలల్లో!

దగ్గరికి వెళ్లి అరచెయ్యి చాపాను. మంగ వాసన చూసింది. నువ్వులూ దర్భలూ కృష్ణ నీళ్లూ కలిసిన వాసన వచ్చుంటుంది. గరుకు నాలుకతో మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఒకసారి నాకి, మళ్లీ దూడ వైపు తిరిగింది. చెమట ఉప్పగా ఉంటుంది కాబట్టి నాకిందంటాడు మా తమ్ముడు. అయ్యుండొచ్చు.

"నీకు బాగా మాలిమే అబ్బాయ్" అంది ఆ కోడలు, పాట ఆపి. వెంటనే మళ్లీ అందుకుంది, ఆపితే చేపు తగ్గుతుందని.

రేవుకి తిరిగొచ్చేసరికి అమ్మ నాకోసం వెతుకుతోంది. ఎక్కడికెళ్లావని అడగలేదు. నా చేతికంటిన చొంగ చూసింది.

"ఈనిందా?"

"పెయ్యదూడ."

"పాలిస్తోందా?"

"ఊఁ."

"ఎవరికి చేపుతోంది?"

చెప్పాను. అమ్మ కాసేపు నీళ్ల వైపు చూసి, కొంగుతో నా చెయ్యి తుడవబోయి ఆగి, "పోన్లే" అంది.